క్రూయిజ్ వేయడం చూపిస్తున్నారు, తీయడం ఎవరు చూపిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

కార్లలో, అదీ డబ్బున్నవాళ్ల కార్లలో చూసిన క్రూయిజ్ కంట్రోల్ (రేజ్ పట్టుకోకుండానే బండిని మనం పెట్టిన వేగంలో నడిపే ఏర్పాటు) ఇప్పుడు బైకులకూ వచ్చేసింది. 2023లో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310లో వచ్చినప్పుడు, రెండున్నర లక్షల బండి సంగతి మనకెందుకులే అనుకున్నాం. 2025 ఆగస్టులో హీరో గ్లామర్ ఎక్స్ 125లో పెట్టేసరికి లక్ష రూపాయల బండికి కూడా ఆ మీట అందింది. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి వచ్చిపోయే ఉద్యోగులు, ఊరూరా మందుల షాపులు తిరిగే నాలాంటి మెడికల్ రెప్‌లు వీటి మీద మోజు పడడంలో వింతేమీ లేదు. బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు. అంత దూరం ఒకే పట్టున రేజ్ పట్టుకుని వెళ్లినవాళ్లకు రాత్రి అన్నం కలపడానికి వేళ్లు వంగవు. కాబట్టి నేను దీన్ని వద్దనే మనిషిని కాను. తెలియకుండానే వేగం వందకు ఎక్కేసే అలవాటున్నవాళ్లకు ఇది ఒక కళ్లెం కూడా.

నా బాధల్లా వాడడం నేర్పకుండా అమ్మడం గురించే. షోరూంలో బండి ఇచ్చే రోజు కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, స్వీటు ప్యాకెట్టు, ఫోటో అన్నీ ఉంటాయి. మా బావమరిదికి బండి ఇచ్చిన కుర్రాడు క్రూయిజ్ గురించి చెప్పింది మాత్రం ఒక్క ముక్క: "ఈ బటన్ నొక్కండి సార్, చెయ్యి వదిలేయండి." అసలు చెప్పకూడని మాటే అది. చెయ్యి పిడి మీదే ఉండాలి, రెండు వేళ్లు బ్రేకు లివర్ మీద ఉండాలి. బండితో ఇచ్చిన పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది.

క్రూయిజ్‌లో ఉన్నంతసేపూ రేజ్ సంగతి బండే చూసుకుంటుంది, మన చేతిలో పిడి తిప్పకుండా వదిలేసే ఉంటుంది. బ్రేకు మీద వేలు పడగానే క్రూయిజ్ తెగిపోతుంది, రేజ్ సున్నాకు పడిపోతుంది, ఇంజన్ బండిని పట్టేస్తుంది. ఒక్కరే ఉంటే చిన్న కుదుపుతో సరి. మన దగ్గర వెనక సీటు మీద ఎవరుంటారు? ఒక పక్కకు తిరిగి, ఒళ్లో పిల్లను పెట్టుకుని, ఒక చేత్తో సంచి పట్టుకున్న ఇల్లాలు. ఆ కుదుపుకు ఆమె ముందుకు తూలుతుంది, పట్టుకోవడానికి ఆమెకు ఖాళీ చెయ్యి ఉండదు.

దీనికి చేయాల్సింది చిన్న పనే. క్రూయిజ్ తీసేయబోయే ముందు పిడిని మెల్లగా తిప్పుతూ రావాలి. ఒక చోట బండి ఇసుమంత ముందుకు లాగినట్టు అనిపిస్తుంది. రేజ్ మన చేతికి వచ్చిందనడానికి అదే గుర్తు. అప్పుడు బటన్‌తో క్రూయిజ్ తీసేసి, రేజ్ నెమ్మదిగా తగ్గించుకోవాలి. వెనకున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. (గేదె అడ్డం వస్తే మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, నేరుగా బ్రేకు వేయడమే.) వేసేటప్పుడు కూడా టాప్ గేరులో కాసేపు ఒకే వేగంలో నడిపాక బటన్ నొక్కి, పిడిని మెల్లగా వెనక్కి వదలాలి.

రెజ్యూమ్ బటన్ ఇంకో తంటా. ఛత్రపురం దాటాక 75లో పెట్టుకున్నామనుకోండి. గంజాం దగ్గర రద్దీ చూసి 40కి దిగాం. అక్కడ రెజ్యూమ్ నొక్కితే బండి పాత 75 కోసం ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ముందు ఆటో ఉందా, మనిషి ఉన్నాడా దానికి అనవసరం. ముందున్న బండిని చూసి తనంతట తానే తగ్గే రాడార్ క్రూయిజ్ డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 లాంటి లక్షలకు లక్షల బైకుల్లో ఉంటుంది, మన 125లలో కాదు. రోడ్డు ఖాళీ అయ్యాక చేత్తోనే 70 దాకా తెచ్చుకుని అప్పుడు నొక్కితే ఏ గొడవా లేదు.

మన 16వ నంబరు జాతీయ రహదారి పేరుకు హైవే. గిరిసోల దాటింది మొదలు డివైడర్ గ్యాపుల్లోంచి దూరే బళ్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, దాబాల ముందు లైట్లు లేకుండా ఆగిన లారీలు, చీకటి పడితే పశువులు. కేంద్రం 2018లో నాలుగు వరుసల హైవే మీద బైకులకు గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లుగా నిర్ణయించింది. క్రూయిజ్ పెట్టుకోవచ్చు కదా అని ఆ 80 ముట్టే తీరాలనేం లేదు. ఇంకో మాట. 2019 ఏప్రిల్‌లో ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది) తప్పనిసరి చేసినప్పుడు అది 125 సీసీ దాటిన బండ్లకే. ఆ లోపు వాటికి సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పట్టేది) చాలన్నారు. అంటే చక్రం లాక్ కాకుండా కాపాడే ఏర్పాటు కంటే ముందు చెయ్యి నొప్పి తగ్గించే ఏర్పాటు వచ్చిన చిన్న బండ్లు ఉన్నాయన్నమాట. నా లెక్కలో ఇది తలకిందుల వరస.

తప్తపాణి ఘాట్‌లోనూ, వానలోనూ దీని జోలికే పోకూడదు. ఇది రేజ్ తగ్గించగలదు గానీ బ్రేకు వేయలేదు. దిగుడులో బండి దాన్ని మించి పరుగెడుతుంది. తడి రోడ్డు మీద వేగం పడిపోతోందని అదే రేజ్ పెంచితే వెనక చక్రం జారుతుంది.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల రవాణా అధికారులను కోరేది ఒకటే. క్రూయిజ్ ఉన్న బండి అమ్మిన షోరూం, కొన్నవాణ్ని ఖాళీ రోడ్డు మీదకు తీసుకెళ్లి వేయడం, తీయడం రెండూ చేయించాకే తాళాలివ్వాలి. ఒడియాలోనూ తెలుగులోనూ ఒక కాగితం చేతిలో పెట్టాలి. లైసెన్సుకు ఎనిమిది అంకె తిప్పించి పంపేసే పరీక్షలో దీని మీద ఒక ప్రశ్నయినా చేర్చాలి. మీ పత్రికను సరిహద్దుకు రెండు వైపులా చదువుతారు కాబట్టి శ్రీకాకుళం జిల్లావాళ్లకూ ఇదే మనవి.

ఇది చాలదన్నట్టు, పాత బండ్ల పిడికి తగిలించే లాక్‌లను కూడా క్రూయిజ్ పేరుతోనే అమ్ముతున్నారు. వాటికి బ్రేకుతో ఏ సంబంధమూ లేదు. బ్రేకు వేసినా రేజ్ పట్టినచోటే ఉంటుంది, చేత్తో తిప్పి విడిపించాల్సిందే. హెల్మెట్ తనిఖీకి నిలబడే పోలీసులు పనిలో పనిగా వాటినీ చూసి అక్కడికక్కడే తీయించాలి.

— ఒక మెడికల్ రెప్, బరంపురం, గంజాం జిల్లా