చిన్నా, గోళ్లు తీసుకున్నావా?

నాన్నా చిన్నా,

వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు వచ్చి ఊరుకుంటున్నాయి కాబట్టి మెయిల్ రాస్తున్నాను. తీరిగ్గా చదువు. తీరిక లేకపోతే తినేటప్పుడు చదువు, కనీసం తింటున్నావని నాకు నమ్మకం ఉంటుంది. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నమ్మ మోకాళ్లు చలికి పట్టేస్తున్నాయి, పాలకొండ పెదనాన్న పంపిన నూనె రాస్తే తగ్గిందంటోంది, ఆయన పంపాడంటే చాలు ఆవిడకి ఏదైనా తగ్గిపోతుంది. చంటి పెళ్లి మాఘంలో అంటున్నారు, ఇంకా ఖాయం కాలేదు, నువ్వెక్కడా అనకు. పెరట్లో మునగచెట్టు కొమ్మ విరిగి గోడ అవతల పడితే పక్కింటాయన కాయలన్నీ కోసుకుని కొమ్మ మాత్రం మనకి తిరిగిచ్చాడు. మీ నాన్న ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడేమన్నారు గనక.

నువ్వు వీడియో కాల్ చేసి మూడు ఆదివారాలైంది. లెక్కపెట్టలేదులే, ఊరికే గుర్తుంది.

మొన్న డల్లాస్ అత్తయ్య ఫోన్ చేసింది. నాన్నమ్మ మోకాళ్లూ వాళ్ల కొత్త కారూ అయ్యాక, "వదినా, మీ వాడు కెమిస్ట్రీ వదిలేసి పియానో నేర్చుకుంటున్నాడటగా" అంది. ఆ "అటగా" ఆవిడ నోట ఎలా వస్తుందో నీకు తెలుసు. వాళ్ల బంటి స్నేహితుడెవరో మీ యూనివర్సిటీలోనే ఉన్నాడట, రాత్రి పదకొండింటికి నువ్వు మ్యూజిక్ బిల్డింగ్ బేస్‌మెంట్‌లోంచి వస్తుంటే చూశాడట, అదీ ఒకే వారంలో మూడుసార్లు. ఆవిడకి నేనేం చెప్పానో తర్వాత రాస్తాను.

అక్కడ చలి ఎలా ఉంది? ఒహాయోలో అప్పుడే మంచు పడిందని ఫోన్‌లో చూశాను. నీ ఊరి వాతావరణం నా ఫోన్‌లో విజయనగరం కంటే పైన ఉంటుంది. హీటర్ గాలికి చేతులు పగులుతాయి, ఆ కొబ్బరినూనె సీసా ఇంకా సూట్‌కేసులోనే ఉందా? బయటికి వచ్చేటప్పుడు చెవులు కప్పుకో. రాత్రి పదకొండింటికి మరీ కప్పుకో.

సరే, విషయానికొస్తాను. ఈ సెమిస్టర్ ఫీజు కాగితం నువ్వు ఆగస్టులోనే పంపావు కదా, మీ నాన్న మొత్తం చూసి కట్టేశారు, లైన్లు చదవలేదు. అత్తయ్య ఫోన్ తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఇద్దరం చదివాం. "అప్లయిడ్ మ్యూజిక్ ఫీ" అని అడుగున విడిగా ఒక లైను, రెండు వందల డాలర్ల పైచిలుకు. పైన "పియానో, ప్రైవేట్ లెసన్స్, 1 క్రెడిట్" అని. ప్రైవేటు అనగానే మీ నాన్న, "వీడికి అక్కడ కూడా ప్రైవేటు పెట్టించుకోవాల్సిన ఖర్మేంటి" అన్నారు. ఆయనకి ప్రైవేటంటే నువ్వు టెంత్‌లో పొద్దున్నే అయిదింటికి సైకిలేసుకుని లెక్కలకి వెళ్లినదే. తర్వాత నేను కూర్చుని మీ యూనివర్సిటీ సైట్‌లో చదివాను. ఒక క్రెడిట్‌కి వారానికి అరగంట, రెండు క్రెడిట్లకి గంట. టీచరూ నువ్వూ ఇద్దరే. మ్యూజిక్ మేజర్ వాళ్లకి, అంటే అదే ముఖ్య చదువుగా తీసుకున్నవాళ్లకి, ఇచ్చాక ఖాళీ మిగిలితేనే నీలాంటి వాళ్లకి చోటట. అంటే నువ్వు అడిగి, వెయిట్ చేసి మరీ సంపాదించావన్నమాట. ఇంత పట్టుదల ఉందని మాకొక ముక్క చెప్తే ఏం పోయేది?

నేను కోప్పడటం లేదు.

ఒక లెక్క మాత్రం చెప్పు. ఆ కాగితం ప్రకారం పియానోతో కలిపి 16 క్రెడిట్లు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్‌తో కలిపి 4. అది నిజంగానే వదిలేసి ఉంటే 12. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న బీఎస్ పిల్లలకి సెమిస్టర్‌కి 12 తగ్గకూడదు కదా, నీకంటే ముందు నేనే బట్టీపట్టాను, కాన్సులేట్ రోజు గుర్తుందా. కాబట్టి ఇప్పుడు కంగారుపడి ఈ పియానో కూడా మానేశావంటే 11 అవుతుంది, అప్పుడు అసలుకే ఎసరు. చూశావా, పియానో మానేయరా అని రాద్దామని కూర్చున్నదాన్ని, మానేయకురా అని రాస్తున్నాను. మీ ఇంటర్నేషనల్ ఆఫీస్ వాళ్లని అడక్కుండా ఇక ఏ కోర్సూ వదలకు. అడిగావా? వదిలావా అసలు? బంటి స్నేహితుడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో కూడా కాపలా కాశాడా, వదిలేశావని వాడికెలా తెలుసు?

నీ స్టేటస్‌లో పియానో స్వరాలు అచ్చేసిన కాగితం ఫొటో పెట్టావు. పెద్దది చేసి చూశాను. ఒక చోట 4 అని రాసి పెన్సిల్‌తో మూడుసార్లు చుట్టి ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా. నీ రాత కాదది, మీ టీచర్‌ది అయ్యుంటుంది. పియానోలో బొటనవేలు 1 అట, 4 అంటే ఉంగరం వేలు. మన వీణలో ఉంగరం వేలికి పెద్దగా పనుండదు. కుడిచేత్తో చూపుడు వేలు, మధ్యవేలు మీటుతాయి, చిటికెన వేలు తాళం తీగల మీద ఉంటుంది. నీకేమో ఆ సోమరి వేలే కష్టపడాలి. అలాగని దానికి బలం రావాలని పిచ్చిపనులు చెయ్యకు. షూమన్ అనే ఆయన అలాగే వేళ్లకి ఏదో పరికరం పెట్టుకుని సాధన చేసి కుడిచేయి పాడుచేసుకున్నాడంటారు. తర్వాత ఆయన గొప్ప సంగీతం రాశాడు గానీ స్టేజీ మీద వాయించింది వాళ్లావిడ క్లారా. నువ్వు రాయనూ అక్కర్లేదు, చెయ్యి పోగొట్టుకోనూ అక్కర్లేదు. నొప్పి పెడితే ఆపు, అంతే.

పియానో మెట్టు నొక్కాలంటే యాభై గ్రాముల బరువు కావాలట. వంటింటి కాటా మీద వేలితో నొక్కి చూశాను. యాభై దగ్గర ముల్లు నిలవదు, ఒకసారి నలభై, ఒకసారి తొంభై. నీ పాత కేసియో మెట్లు ఊదితే కిందికి దిగేవి. అది వాయించిన చేతులకి ఇది బరువే.

వీణ అన్నాను కాబట్టి చెప్తున్నాను, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను డిగ్రీ రెండో సంవత్సరం, 1992. కోట దగ్గర మ్యూజిక్ కాలేజీలో చేరదామంటే క్లాసుల వేళలు డిగ్రీ కాలేజీతో కుదరలేదు. అందుకని మూడు లాంతర్ల దగ్గర ఒక మేష్టారి ఇంటికి వెళ్లేదాన్ని, సాయంత్రం అయిదింటికి, నెలకి డెబ్భై అయిదు రూపాయలు. ఒక్కదాన్నే. అదే నాకు భయం. పదిమందిలో అయితే పక్కవాళ్ల చాటున తప్పు దాక్కుంటుంది, ఒక్కదానివే అయితే గదిలో ఉన్నది నీ తప్పూ మేష్టారూ, అంతే. ఆయన తిట్టరు. తిడితే బాగుండేది. కళ్లు మూసుకుని "ఇంకోసారి" అంటారు. మోహన వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఒక చోట నా ఎడమచెయ్యి వెనకబడేది. ఆ ఒక్క చోట ఆ నెలలో ఎన్ని "ఇంకోసారి"లు విన్నానో. ఇంట్లో సాధన చేస్తే పోయేది కదా అంటావు. చేసేదాన్ని కాదు. చెయ్యలేదు కాబట్టి సిగ్గు, సిగ్గు కాబట్టి ఇంకా చెయ్యను. ఒక రోజు అటు వెళ్లకుండా అయ్యకోనేరు గట్టు మీద మీ పద్మ పెద్దమ్మతో కూర్చుని బఠాణీలు తిన్నాను. ఎంత హాయిగా ఉందో. మర్నాడు కూడా వెళ్లలేదు. అలా ఏడు వారాలు. తాతయ్య దగ్గర ఫీజు మాత్రం తీసుకున్నాను, రెండు నెలలది, నూట యాభై. ఏం చేశానంటే చెప్పుల జత కొన్నాను. గోధుమరంగువి, పట్టీ ఉన్నవి.

ఒకసారి తాతయ్య గంటస్తంభం దగ్గర కూరలు కొంటుంటే మేష్టారు కనబడి, "అమ్మాయి రావడం లేదేమండీ" అన్నారట. తాతయ్య సంచీ కింద పెట్టి, "టైఫాయిడ్ అండీ, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది, రేపట్నుంచి పంపిస్తాను" అన్నారట. ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. వంకాయలు బాగున్నాయన్నారు. మర్నాడు అయిదింటికి సైకిల్ తీసి, "అటే వెళ్తున్నాను, దింపేస్తాను రా" అని మేష్టారి గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయారు. నాకేమీ తెలీదు కదా, కాళ్లు వణుకుతున్నాయి. మేష్టారు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "టైఫాయిడ్ వచ్చినా చిక్కలేదే" అన్నారు. మామ్మగారు లోపల్నుంచి గ్లాసుడు బార్లీ నీళ్లు తెచ్చారు. అలా వారం రోజులు తాగించారు, పత్యమని ఉప్పు కూడా వెయ్యకుండా. అప్పుడు తెలిసింది తాతయ్య ఏం చెప్పారో. ఆయన పోయేదాకా ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. వరండాలో ఆ చెప్పులు కనబడినప్పుడల్లా మాత్రం కాలితో వరసగా సర్ది వెళ్లేవారు.

ఇదెందుకు రాశానో, రాత్రి పన్నెండైంది.

పాలకొండ పెదనాన్నకి కూడా తెలిసిపోయింది, అత్తయ్యకి తెలిస్తే లోకానికి తెలిసినట్టే. "మన పిల్లలకి దొరల వాయిద్యం ఎందుకు" అన్నారు. నాకు ఒళ్లు మండి, వయొలిన్ ఎవరిదండీ అన్నాను. మన ఊళ్లో 1919లో మ్యూజిక్ కాలేజీ పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ చేరి చదువుకుందామని వస్తే, ఆయన వాయించింది విని పాఠాలు చెప్పడానికే పెట్టుకున్నారంటారు. అది దొరల వాయిద్యమని ఆయన్ని ఎవరైనా ఇంటికి పంపేశారా? పెదనాన్న ఫోన్ నాన్నమ్మకి ఇమ్మన్నారు.

అలాగని నువ్వు ద్వారం వారివి కావు. నీకు పందొమ్మిదేళ్లు, చదువుతున్నది బయాలజీ. రోజుకి అరగంట వాయించు, కావాలంటే నలభై నిమిషాలు, అది కూడా పగలు, రెండు క్లాసుల మధ్య. ఒక్క రోజే మూడు గంటలు కూర్చుంటే చేతులకి రాదు, నిద్ర పోతుంది. నిద్ర పోతే చదువు పోతుంది. చదువు పోతే... సరే, ఆపేస్తాను. నువ్వు ఫోన్ చెవికి దూరంగా పెట్టే మొహం నాకిక్కడికి కనబడుతోంది.

ఒక్కటి అడుగుతాను, నిజంగా తెలుసుకోవాలనే. మీకు మొదటి పాఠం అన్నీ తెల్లమెట్లే కదా? అది మన శంకరాభరణం రాగం. మాకు సరళీ వరసలు మాయామాళవగౌళలో. అదే తెల్లమెట్టు "స" పెట్టుకుని వాయించు, రి, ద రెండే నల్లమెట్లు, మిగతావన్నీ తెల్లవి. ఒకసారి వాయించి పంపు. గమకం రాదు, తెలుసు, పియానోలో ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి జారడానికి దారే లేదు. ఫర్వాలేదు, స్వరాలు చాలు. దానికి దాదాపు 230 తీగలుంటాయట, నా ఏడు తీగల దానికే వానాకాలం శ్రుతి నిలవదు, ఆ బేస్‌మెంట్‌లో హీటర్ వేడికి దాన్ని ఎవరు సరిచేస్తారో పాపం.

సెమిస్టర్ చివర జ్యూరీ అని ఒకటి ఉంటుందట, ఇద్దరు ముగ్గురు టీచర్లు కూర్చుని వింటారట. మేజర్ కానివాళ్లకి కొన్ని చోట్ల ఉండదని కూడా చదివాను. నీకుందా? ఉంటే ఏ రోజు? ఇక్కడ ఏ టైమవుతుందో చెప్పు, దీపం పెడతాను. ఆ నీలం చొక్కా వేసుకో, ఇస్త్రీ చేసి.

ఇక డల్లాస్ అత్తయ్యకి ఏం చెప్పానంటే, "తెలుసులే వదినా, మమ్మల్ని అడిగే చేరాడు. కెమిస్ట్రీ కూడా వాళ్ల అడ్వైజర్ చెబితేనే పక్కనపెట్టాడు, వచ్చే సెమిస్టర్‌లో తీసుకుంటాడు" అన్నాను. గడగడా అనేశాను, ఎక్కడా తడుముకోలేదు. పక్కనుంచి మీ నాన్న నావైపు చూసి టీవీ సౌండ్ పెంచారు. అందులో ఎంత నిజమో నాకు తెలీదు. నువ్వు చెబితే తెలుస్తుంది. ఆవిడ మళ్లీ ఫోన్ చేసేలోగా చెబితే మంచిది, ఇద్దరి మాటలూ కలవాలి కదా.

పార్సెల్ సోమవారం పంపాను. కందిపొడి, కరివేపాకు పొడి, చేగోడీలు, ఊలు సాక్సులు రెండు జతలు. చేగోడీలు రూమ్మేట్‌కి కూడా పెట్టు, నూనె చేతులతో ఆ మెట్లు ముట్టుకోకు. మీ నాన్న నిన్న ఎవరికీ చెప్పకుండా నిచ్చెన వేసుకుని అటక మీంచి నీ కేసియో దింపారు. ఎడమ చివర మూడు మెట్లు పలకడం లేదు. అడాప్టర్ ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు రెండు చేతులూ కెమెరాకి చూపించు. నేను మీటడానికి గోళ్లు పెంచేదాన్ని, నీకు అవి మెట్ల మీద టకటకమంటాయి. నువ్వసలే నెలకోసారి తీసుకునే రకం.

అమ్మ