వేబిల్లులో రాసిన బరువే లారీలో ఉండాలి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గనుల శాఖ మంత్రి గారికి,

ములుగు జిల్లా వెంకటాపురం మండలం నుంచి ఒక మిర్చి రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. వేబిల్లులో, అంటే లారీ వెంట ఉండే రవాణా పత్రంలో, రాసిన దానికంటే ఎక్కువ ఇసుకతో తిరిగే లారీల వల్ల మా రోడ్డు గుంతలమయమవుతున్నది.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా వెంకటాపురం వచ్చి, అక్కడి నుంచి వాజేడు మండలంలోని పూసూరు దగ్గర గోదావరి వంతెన దాటి ఏటూరునాగారం వైపు వెళ్లే రోడ్డే మా ఊళ్లన్నిటికీ ఆధారం. ఒక పక్క గోదావరి, మరో పక్క ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులు ఉండటంతో ఈ రోడ్డు కాదంటే మేము పోవడానికి వేరే దారి లేదు. బడికైనా, బ్యాంకుకైనా, ఆసుపత్రికైనా, మిర్చి బస్తాలు అమ్ముకోవడానికైనా దీని మీదనే వెళ్లాలి. గోదావరి ఇసుక ర్యాంపుల (ఇసుక తవ్వి లారీలకు ఎక్కించే చోట్ల) నుంచి హైదరాబాదుకు, ఇతర పట్టణాలకు వెళ్లే లారీలు కూడా దీని మీదనే తిరుగుతాయి.

గుంతలు పూడ్చమని అడగడమే నా ఉద్దేశమైతే ఈ లేఖ రోడ్లు, భవనాల శాఖకు రాసేవాణ్ణి. మీకు రాయడానికి కారణం ఉంది. లారీలో ఎంత ఇసుక ఎక్కాలన్నది తేలేది ర్యాంపులో, యంత్రం బకెట్ ఎత్తే చోట. ఆ చోటు మీ శాఖ పరిధిలోనిది. అక్కడ ఒక్క బకెట్ ఎక్కువ పడితే దాని ఫలితం వంద కిలోమీటర్ల పొడవునా ఊళ్లు అనుభవిస్తాయి. ఆ తర్వాత ఎన్ని చెక్‌పోస్టులు పెట్టినా, ఎందరు అధికారులు కాపు కాసినా, అది జరిగిపోయినదాని వెంట పరుగెత్తడమే అవుతుంది.

బరువు గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంజనీర్లకు తెలిసిన లెక్క ఒకటి ఉంది. ఇరుసు మీద పడే బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం అంతే మేర పెరిగి ఊరుకోదు, సుమారుగా ఆ బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఇరుసు బరువు ఇరవై శాతం పెరిగితే నష్టం రెండింతలవుతుంది, యాభై శాతం పెరిగితే అయిదింతలవుతుంది. మన దేశంలో రోడ్ల మందాన్ని 8.16 టన్నుల ప్రామాణిక ఇరుసు లెక్కతో నిర్ణయిస్తారు. ఊళ్లను కలిపే రోడ్లు వేసేటప్పుడు బస్సులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు వచ్చే ధాన్యం లారీలే లెక్కలోకి వస్తాయి తప్ప, రాత్రింబవళ్లు వరుస కట్టే ఇసుక లారీలను ఎవరూ ఊహించరు. దానికి తోడు నదిలోంచి అప్పుడే తీసిన తడి ఇసుక పొడి ఇసుక కంటే బరువు. అందులోంచి కారే నీళ్లు రోడ్డు పొడవునా పడి, తారు పగుళ్లలోకి దిగి, కింది కంకరను వదులు చేస్తాయి. వర్షాకాలం చేసే పనిని మా రోడ్డు మీద ఎండాకాలంలో ఇసుక లారీలు చేస్తున్నాయి.

అనుమతించిన బరువే తక్కువని, అది గిట్టుబాటు కాదని లారీ యజమానులు అనేవారు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఆ పరిమితులను పెంచింది. పది టైర్ల లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులయింది. లారీల పరిమితి కాగితం మీద పెరిగింది గానీ మా రోడ్డు మందం అంగుళమైనా పెరగలేదు. ఇక మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, 2019 సవరణ తర్వాత, అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు చెల్లించాలంటుంది. అంతకంటే ముఖ్యమైన మాట కూడా అందులోనే ఉంది: ఎక్కువైన సరుకు దింపేదాకా ఆ బండిని కదలనివ్వకూడదు. జరిమానా రశీదు జేబులో పెట్టుకుని అదే లోడుతో సాగిపోయే లారీలనే మేము చూస్తున్నాము.

లారీ డ్రైవర్ల మీద మాకు కోపం లేదు. టన్నుల లెక్కన కిరాయి వచ్చేటప్పుడు ఎక్కువ లోడు వద్దనే శక్తి వారికి ఉండదు. ర్యాంపులో తమ వంతు వచ్చేదాకా రోడ్డు పక్కనే వండుకుని, అక్కడే పడుకునే వారి బతుకూ సుఖమైనది కాదు. అయితే ఆ వరుసల వల్ల ఇరుకైన రోడ్డు ఒక బండి పట్టేంత సందుగా మారుతున్నది. నొప్పులు పడుతున్న గర్భిణిని భద్రాచలం తీసుకుపోయే 108 వాహనం ఆ సందులో ఎదురు లారీ వచ్చి ఆగిపోతే ఇంటివాళ్ల ప్రాణం ఎలా కొట్టుకుంటుందో నేను వర్ణించనవసరం లేదు. పిల్లలు సైకిళ్ల మీద బడికి పోవడం తల్లిదండ్రులే మాన్పించారు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని, ఆ కంకర ప్రయాణికుల మీద పడిన ఘోరం తర్వాత ఇక్కడ బస్సెక్కే వాళ్లు ఎదురుగా లారీ కనిపిస్తే బిగుసుకుపోతున్నారు.

పంట సంగతి వేరే చెప్పాలి. ఇసుక రవాణా జోరుగా సాగే ఫిబ్రవరి నుంచి మే దాకానే మా మిర్చి కల్లాలు ఎండుతాయి, ఆ ఎండాకాలంలోనే తునికాకు కల్లాలూ పడతాయి. రోడ్డు పక్క కల్లంలో ఆరబోసిన కాయ మీద దుమ్ము పట్టిందంటే రంగు మసకబారుతుంది, వ్యాపారి గుప్పెట్లోకి తీసుకుని చూడగానే ధర తగ్గిస్తాడు. ఆ తగ్గిన రూపాయలు ఏ శాఖ లెక్కలోనూ కనిపించవు. టార్పాలిన్ కప్పకుండా పోయే లారీల నుంచి ఎగిరే ఇసుకతో వెనుక వచ్చే మోటారు సైకిలు వాళ్లకు కళ్లు తెరవడమే కష్టం.

మాది షెడ్యూల్డ్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడ ఇసుక వంటి చిన్న తరహా ఖనిజాలు తవ్వాలంటే గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ముందుగా ఉండాలి. గిరిజన సహకార సంఘాల పేరిట ర్యాంపులు నడవడం కూడా అందులోంచి వచ్చినదే, అది మంచిదే. కానీ ఇసుక ఉన్న ఊరిని అడిగినట్టు, ఇసుక దాటిపోయే ఊళ్లను ఎవరూ అడగరు. రాబడి రాని ఊళ్లకు దుమ్మూ గుంతలూ మాత్రం సమానంగా పంచుతున్నారు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. ప్రతి ర్యాంపు, స్టాక్ యార్డు గేటు దగ్గర వేబ్రిడ్జి (లారీని తూచే కాటా) పెట్టి, కాటా పడిన బరువు నేరుగా ఆన్‌లైన్ వేబిల్లులోకి ఎక్కేలా చేయండి. పరిమితి దాటితే వేబిల్లు రాకూడదు, ఎక్కువైన ఇసుక అక్కడే దింపాలి. బుక్ చేసుకున్న లారీకి సమయం ముందే ఇచ్చి, వంతు వచ్చేదాకా రోడ్డు బయట పార్కింగులో నిలపండి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద బడి వేళల్లో భారీ వాహనాలను ఆపేలా రవాణా శాఖతో మాట్లాడండి. ఇది కుదరదని ఎవరైనా అంటే, మేడారం జాతర రోజుల్లో ఇసుక లారీలను ఎలా ఆపుతున్నారో వారినే అడగండి. తవ్వకాల ప్రాంతాల బాగు కోసం 2015లో గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధుల్లో ఈ రోడ్డుకు, దాని పక్క ఊళ్లకు వాటా కేటాయించి, ఎంత ఖర్చయిందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి.

వీటిలో వేబ్రిడ్జి పనే మొదట కావాలి. గోదావరి వరద తగ్గి ర్యాంపులు తిరిగి తెరిచేలోపు అది పూర్తి చేయించాలని, కాటా లేని ర్యాంపుకు ఈసారి లోడింగ్ అనుమతి ఇవ్వవద్దని వేడుకుంటున్నాను.

ఇట్లు,
వెంకటాపురం మండల మిర్చి రైతు