సముద్రపు గాలి ఓజోన్‌నూ మోసుకొస్తుంది

సంపాదకులకు నమస్కారం.

సముద్రం పక్కనున్న ఊళ్లకు కాలుష్యం బాధ తక్కువని, గాలి వచ్చి అంతా ఊడ్చేస్తుందని చాలామంది నమ్ముతారు. పొగ, దుమ్ము విషయంలో అది కొంతవరకు నిజమే. ఓజోన్ సంగతి వేరు. ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఈ వాయువే, మనం పీల్చే గాలిలో చేరితే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కాలుష్య వార్తల్లో దీని ఊసు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

నేల దగ్గరి ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాలు, ఫ్యాక్టరీలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్ల నుంచి లేచే ఆవిర్లు ఎండలో చర్య జరిపితే పుడుతుంది. రాత్రిపూట నేల మీద నుంచి వీచే గాలి ఈ వాయువులను సముద్రం మీదికి తోస్తుంది. పగలు నేల మీద గాలి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలగలుస్తుంది. చల్లని నీటి మీద అలా కలగలిసే గాలి పొర ఎత్తు చాలాసార్లు కొన్ని వందల మీటర్లే. అందులో చిక్కుకున్న కాలుష్యం పలచబడదు. చెట్లు, మట్టి పీల్చుకున్నంతగా నీరు ఓజోన్‌ను పీల్చుకోదు కూడా. మర్నాడు ఎండకు అక్కడ పుట్టిన ఓజోన్‌ను, నేల వేడెక్కగానే సముద్రపు గాలి ఒడ్డుకు తెస్తుంది. ఎదురుగాలికి ఆ గాలి ముందుకు కదలక ఆగిన చోట ఓజోన్ కొద్ది గంటల్లోనే బాగా పెరిగిపోవచ్చు. అమెరికాలో హ్యూస్టన్‌లోనూ, సముద్రం కాకపోయినా మిషిగన్ సరస్సు ఒడ్డునా శాస్త్రవేత్తలు ఇదంతా కొలిచి చూపించారు.

మరి మనం కొలిచేది ఎక్కడ? రద్దీ కూడళ్లలో పెట్టిన యంత్రం దగ్గర వాహనాల నైట్రిక్ ఆక్సైడే ఓజోన్‌ను హరించేస్తుంది, అంకె తక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఊరంతా బాగుందనుకోవడం నాకు చాలా ఆందోళన కలిగిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 8 గంటల సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. 24 గంటల సగటు తీస్తే మధ్యాహ్నపు తీవ్రత అందులో కలిసిపోతుంది.

తీరప్రాంతాల్లో ఒడ్డున ఒక యంత్రం, గాలి వెళ్లే దారిలో కొన్ని కిలోమీటర్ల లోపల మరికొన్ని ఉండాలి. గాలి పొర ఎత్తును లేజర్ కాంతితో కొలిచే లైడార్ లాంటి పరికరాలూ కావాలి. గాలి ఎప్పుడు మళ్లుతుందో వాతావరణ శాఖలు ఎలాగూ అంచనా వేస్తాయి; దానికి ఓజోన్ హెచ్చరికను జోడించాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు, పిల్లలకు ఆటల టైమ్ నిర్ణయించే టీచర్లు ముందే జాగ్రత్తపడగలుగుతారు. మీ పత్రిక వాతావరణం కాలమ్‌లో ఉష్ణోగ్రతతో పాటు ముందురోజు మధ్యాహ్నపు ఓజోన్ అంకెను కూడా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు