కాన్పు మాయను పరిశోధనకూ ఇవ్వనివ్వండి

సంపాదకుల వారికి,

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచీ గర్భిణులు వస్తుంటారు. బిడ్డ వెనకాలే వచ్చే అరకిలో మాయ 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలో పడి కాల్చివేతకు పోవాలి. నియమం మంచిదే. అయితే తల్లి ఒప్పుకుంటే అందులో ఓ ముక్క ల్యాబ్‌కు చేరే దారీ ఉండాలని నా మనవి.

భర్త కిడ్నీ అమరిస్తే జీవితాంతం మందులు మింగాల్సిన ఒళ్లు, ఆయన జన్యువులు సగం ఉన్న మాయను తొమ్మిది నెలలూ కిమ్మనకుండా మోస్తుంది. ఇదెలా సాధ్యమని 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ అడిగాడు. జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు. ల్యాబ్‌లో మాయ నుంచి నాచు పోగుల్లాంటి చూషకాలను కత్తెరతో తుంచి, రక్తం పోయేదాకా సెలైన్‌లో కడిగి, పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. తర్వాత తెల్ల రక్తకణాలను కలుపుతారు. వేరే మనిషి కణాలు తగిలితే రెచ్చిపోయే టి-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మాయ కణాల దగ్గర జోరు తగ్గుతాయి. గర్భాశయంలోకి చొచ్చుకుపోయే మాయ కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ-జి ప్రోటీన్ ఇందుకు ఒక కారణం. ఈ సర్దుబాటు చెడడం కూడా గర్భిణుల్లో బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) దాకా తెచ్చే ప్రీఎక్లాంప్సియాకు ఓ మూలమని శాస్త్రవేత్తల అనుమానం.

ఎలుకలు చాలవా అంటే, చాలవు. వాటి మాయ మన మాయంత లోతుగా పాతుకోదు, హెచ్‌ఎల్‌ఏ-జి అసలే లేదు. నెలలు నిండిన మాయ తొలి నెలల్లో జరిగింది చెప్పలేదన్నదీ నిజమే. అయినా బీపీ వచ్చిన తల్లి మాయనూ, రాని తల్లి మాయనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇంతకంటే తేలిగ్గా దొరికేది ఏముంది?

కణజాలం గంటల్లోనే ల్యాబ్ చేరాలి. స్విమ్స్ వైద్య సంస్థ, ఎస్వీ వైద్య కళాశాల, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ ఊళ్లోనే ఉన్నాయి, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఏర్పేడు దగ్గరే. దూరం సాకు కాదు.

సంతకం మాత్రం నొప్పులు పడుతున్నప్పుడు పెట్టించుకోకూడదు. ఏడో నెల చెకప్‌లోనే సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించాలి. వద్దంటే వైద్యంలో తేడా రాదనీ, మాయను అమ్మరనీ, పేరు బయటికి పొక్కదనీ అందులో రాసుండాలి. మాయను పూడ్చే ఆనవాయితీ ఉన్న ఇళ్లవాళ్లను బలవంతపెట్టొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు సమ్మతినీ, ఎథిక్స్ కమిటీ అనుమతినీ ఎలాగూ అడుగుతాయి. ఆసుపత్రీ, ఈ సంస్థలూ ముందు కూర్చుని ఆ ఒక్క పత్రం తయారు చేయాలి. ఫ్రీజర్లు, నిధుల మాట తర్వాత చూసుకోవచ్చు.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి