బొమ్మ నేర్పిన మాస్టారి పేరూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ ఆవర్‌బాక్ 2024 నవంబరులో 93 ఏళ్ల వయసులో పోయారు. ఆయన మీద నేను చదివిన వ్యాసాల్లో చాలా సంగతులున్నాయి, నాజీల బారిన పడకుండా ఏడేళ్ల పిల్లాణ్ణి బెర్లిన్ నుంచి ఇంగ్లండ్ పంపేసిన తల్లిదండ్రులు మళ్లీ కనిపించకపోవడం, బొగ్గుతో గీసిన ముఖాన్ని చెరిపి మళ్లీ గీసి, కాగితం చిరిగితే అతుకేసి దాని మీదే ఇంకా గీయడం, అన్నీ. ఆయన మాస్టారు డేవిడ్ బాంబెర్గ్ గురించి మాత్రం ఒక్క ముక్కతో దాటేశారు. నేనూ 31 ఏళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ణే, నాకది చాలా బాధనిపించింది.

బాంబెర్గ్ 1890లో పుట్టాడు, లండన్‌ వైట్‌చాపెల్‌లో పేద యూదుల ఇంట పెరిగాడు. 1914లో, 23 ఏళ్లకే, ఎర్రటి నేల మీద నీలం తెలుపు ఆకారాలతో 'మడ్ బాత్' అనే చిత్రం వేశాడు. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. తర్వాత బొమ్మలు అమ్ముడుపోలేదు, రెండో యుద్ధం అయ్యాక కూడా పేరున్న ఆర్ట్ స్కూళ్లేవీ ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. చివరికి దక్షిణ లండన్‌లోని బరో పాలిటెక్నిక్‌లో పార్ట్‌టైమ్‌గా చేరాడు. రొట్టెలు, కేకుల తయారీ నేర్పే బేకరీ స్కూల్ కూడా ఉన్న కాలేజీ అది. 1953 దాకా అక్కడే పాఠం చెప్పాడు. ఆవర్‌బాక్, ఆయన స్నేహితుడు, చిత్రకారుడు లియాన్ కోసాఫ్ వేరే ఆర్ట్ స్కూల్లో చదువుతూనే సాయంత్రాలు ఈయన క్లాసుకి వచ్చేవాళ్లు. ఎదురుగా కూర్చున్న మనిషి అంచులు గీస్తే చాలదు, ఆ మనిషి బరువు నీ చేతికి తెలియాలి, తెలిసేదాకా చెరిపి గీయి, ఇదీ ఆయన పాఠం. 1957లో పోయాడు. కళలకు ప్రభుత్వ సాయం అందించే ఆర్ట్స్ కౌన్సిల్ ఆ మరుసటి ఏడాదే ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టింది, టేట్ పెద్ద ప్రదర్శన పెట్టింది 1988లో.

మన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరెత్తితే ఆయన్ని ప్రోత్సహించిన రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరను తలుచుకునేవాళ్లం మనం, గురువు విలువ మనకొకరు చెప్పాలా? అయినా మన ఊళ్ల హైస్కూళ్లలో డ్రాయింగ్ పోస్టు ఖాళీ అయితే ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తున్నారు, లేదంటే పార్ట్‌టైమ్ వాళ్లతో నెట్టుకొస్తున్నారు, పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే టెన్షన్‌తో ఆ పీరియడ్ కూడా లెక్కల మాస్టారికి ఇచ్చేస్తున్నారు. దీని మీద మీరు గట్టిగా రాయాలి. మీ ఆదివారం సంచికలో ఏ చిత్రకారుడి మీద వ్యాసం వేసినా, ఎవరి దగ్గర, ఏ బడిలో నేర్చుకున్నాడో అడిగి ఒక పేరా రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తెనాలి