పక్క సీట్లోంచి పడ్డ చెయ్యి

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అరే దోస్త్,

దసరాకు పది రోజులు సెలవు దొరికిందనీ, ఈసారి బిడ్డకు కారు నేర్పించాకే పుణె బండెక్కుతాననీ మొన్న ఫోన్లో అన్నావు. నీ గొంతులో ఆ సంబరం విని సరే సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఫోన్లో మొదలుపెడితే సగంలోనే ఆపి 'పోనీలేరా' అంటావు, అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మే నెలలో మా అల్లుడికి, అదే మా అక్క కొడుక్కి, కారు నేర్పుతానని నేనే ఒప్పుకున్నాను. వాడికి పందొమ్మిదేళ్ళు, లర్నర్ లైసెన్సు తీసుకుని నెల దాటింది. బండి బావది. రోజూ పొద్దున ఆరింటికి పానగల్లు దాటేదాకా నేను నడిపి, అక్కడ స్టీరింగ్ వాడికిచ్చి పక్క సీట్లోకి మారేవాణ్ణి. వారం రోజులు బాగానే గడిచింది. ఎనిమిదో రోజు పొలాల బాటలోంచి ఎక్సెల్ బండి మీద ఒక ముసలాయన రోడ్డెక్కాడు. వెనక పచ్చగడ్డి మోపు. మా బండి ముప్పై స్పీడు కూడా లేదు.

పిల్లగాడు బిగుసుకుపోయాడనుకున్నాను. "బ్రేక్, బ్రేక్" అని అరుస్తూ ఒక చేత్తో హ్యాండ్ బ్రేక్ లాగాను, రెండో చేత్తో స్టీరింగ్ పట్టుకుని నా వైపు గుంజాను. వాడి వేళ్ళ మీద నా వేళ్ళు పడ్డాయి. చల్లగా, చెమటతో తడిసి ఉన్నాయి. నిజానికి వాడు అప్పటికే కుడికి తిప్పుతున్నాడు, అటువైపు రోడ్డంతా ఖాళీ. వాడు కుడికి, నేను ఎడమకు. బండి ఎటూ మళ్ళకుండా తిన్నగా పోయి ఎక్సెల్‌ను కొట్టింది.

గడ్డంతా మా బానెట్ మీద పడింది. ఆయన కుడి కాలు మోకాలి కింద విరిగింది. 108 వచ్చేదాకా ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "బర్రె ఈని మూడు రోజులైంది బిడ్డా, ఆ గడ్డి ఎవరన్నా ఇంటికాడ వేయండి" అన్నాడు. అదొక్కటే అడిగాడు. ఇప్పటికీ పచ్చగడ్డి వాసన తగిలితే నాకు అదే మాట వినపడుతుంది.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. పోలీస్ స్టేషన్‌కు పోకముందే బావ నన్ను పక్కకు పిలిచాడు. "నీకు ఇరవై ఏళ్ళ లైసెన్సు ఉంది. నువ్వే నడిపానని చెప్పు. పిల్లగాడి చదువు పాడవుతుంది." అక్క ఏడుస్తోంది. తెలిసినవాళ్ళంతా అదే మాట. మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందో నీకు తెలుసు. యాక్సిడెంట్ కాగానే దెబ్బలు తగిలినోళ్ళ గురించి కంటే ముందు డ్రైవర్‌గా ఎవరి పేరు రాయించాలా అని మాట్లాడుకుంటారు. నేనూ ఒక గంట సేపు సరేననుకున్నాను. అక్క ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు.

కోర్టు దగ్గర మనకు తెలిసిన లాయరు సాబ్‌కు ఫోన్ చేశాను. మొత్తం విని ఆయన ఒకటే అడిగాడు: "స్టీరింగ్ మీద ఎన్ని చేతులున్నాయి?" నాలుగు... కాదు, మూడు అన్నాను. "అయితే ఉన్నదున్నట్టు మూడు చేతులనీ చెప్పు" అన్నాడు. పేరు మారిస్తే అబద్ధపు కేసవుతుంది, ఎదురుగా చూసిన ముసలాయన రేపు కోర్టులో నిజం చెబుతాడు, అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి అనుమానం వస్తుంది, ఆయనకు రావాల్సిన డబ్బు ఏళ్ళకేళ్ళు ఆగిపోతుంది. అబద్ధం వల్ల ముందు నష్టపోయేది ఆ కాలు విరిగిన మనిషే. అది విన్నాక నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఎస్సై ముందు చెప్పాను: నడిపింది వాడు, హ్యాండ్ బ్రేక్ లాగి స్టీరింగ్ గుంజింది నేను. కేసు ఇద్దరి మీదా పెట్టారు. కొత్త భారతీయ న్యాయ సంహితలో 281 (రోడ్డు మీద నిర్లక్ష్యంగా నడపడం), 125 (ఇతరుల ప్రాణానికి ప్రమాదం తెచ్చే పని) సెక్షన్లు. బావ నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

ఆ రెండు నెలల్లో లాయరు సాబ్ దగ్గరికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక బండికి ఒకడే డ్రైవర్ అని కదా మనం అనుకుంటాం. అది తప్పురా. నీకు గుర్తుందా, డిగ్రీ రెండో ఏట మా పెద్దనాయన జీపు దేవరకొండ రోడ్డు మీద ఆగిపోతే ట్రాక్టర్‌కు మోకు కట్టి లాక్కొచ్చాం? ట్రాక్టర్ మీద నేను, జీపు స్టీరింగ్ దగ్గర నువ్వు. నేను బ్రేక్ కొట్టినప్పుడల్లా జీపు ముందుకు దూసుకొచ్చేది. మోకు లాగుతుందే గానీ ఆపదు కదా, ఆపాల్సింది నువ్వే. ఇంజనే నడవని బండిలో కూర్చున్న నిన్ను డ్రైవర్ అని ఎవరంటారు? 1988 మోటారు వాహనాల చట్టం అంటుంది. రెండో సెక్షన్‌లో డ్రైవర్ అంటే ఎవరో చెప్పేచోటే, ఇంకో బండి లాక్కుపోయే బండికి స్టీరింగ్ పట్టినవాడూ డ్రైవరే అని రాసి ఉంది. ఆ రోజు దారిలో ఎవరికన్నా తగిలి ఉంటే 'నేను ఊరికే కూర్చున్నా' అనడానికి నీకు లేదు.

నేర్పేవాడి సంగతీ అంతే. ఆ చట్టం కింద వచ్చిన 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో మూడో రూలు ప్రకారం లర్నర్ పక్కన ఆ బండికి లైసెన్సున్న మనిషి ఉండాలి. ఉంటే చాలదు, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలున్న చోట కూర్చోవాలి. అంటే చట్టం నన్ను తోడుకు పోయేవాడిగా కాదు, రెండో కాపలాగా కూర్చోబెట్టింది. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా పెడల్స్ ఉంటాయే, అవి వాళ్ళ సౌకర్యం కోసం పెట్టుకున్నవి కావు, పెట్టి తీరాలని రూలు. మన ఇళ్ళలో కార్లకు అవెక్కడివి? హ్యాండ్ బ్రేకూ, అరుపూ తప్ప నా దగ్గర ఏమీ లేవు. ఆ రెండూ నేను తప్పుగా వాడాను.

ఇంగ్లండ్‌లో అచ్చం ఇలాంటి కేసే ఒకటి 1971లో తీర్పయిందని లాయరు సాబ్ చదివి వినిపించాడు. నెటిల్‌షిప్ అనే ఆయన తెలిసినావిడ వెస్టన్‌కు కారు నేర్పుతున్నాడు. మూడో పాఠం. మలుపులో ఆవిడ స్టీరింగ్ తిప్పి అలాగే బిగుసుకుపోయింది. ఆయన హ్యాండ్ బ్రేక్ పట్టుకుని, స్టీరింగ్ సరిచేయబోయాడు. బండి లైటు స్తంభాన్ని కొట్టి ఆయన మోకాలి చిప్ప పగిలింది. నేర్చుకునేవాళ్ళైనా సరే, రోడ్డెక్కాక చెయ్యి తిరిగిన డ్రైవర్‌కుండాల్సినంత జాగ్రత్త ఉండాల్సిందే అన్నది కోర్టు. అలాగని నేర్పేవాణ్ణీ వదల్లేదు. బండి ఇద్దరి చేతుల్లో ఉంది గనక ఆయనకు రావాల్సిన పరిహారంలో సగం కోసేసింది. అది విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

నన్ను తిన్నగా పడుకోనిచ్చిన సంగతి ఇంకొకటి. మా ఇద్దరిలో తప్పు ఎవరిదెంత అని ముసలాయన తేల్చుకోనక్కర్లేదట. 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇద్దరి తప్పు కలిసి మూడోవాడికి దెబ్బ తగిలితే, ఆ మూడోవాడు మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవరి నుంచైనా తీసుకోవచ్చు, వాళ్ళ వాటాలు వాళ్ళే చూసుకోవాలి. అంటే ఇద్దరున్నారని భారం చెరి సగమై తేలికవదు. ఆయన ముందు ఇద్దరమూ నిండుగా బాకీనే. బండి ఓనర్‌గా బావ కూడా ఆ లెక్కలోకి వస్తాడు.

ఇక ఇన్సూరెన్స్. లర్నర్ లైసెన్సూ లైసెన్సేననీ, అది లర్నర్ అన్న ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోలేదనీ 2004లో స్వరణ్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. అల్లుడికి లైసెన్సు ఉంది, ముందూ వెనకా ఎల్ బోర్డులున్నాయి, పక్కన నేనున్నాను. వాడి పేరు దాచాల్సిన అవసరమే లేదన్నమాట! బావకు ఈ మాట అర్థమయ్యాకే మళ్ళీ మా గడప తొక్కాడు.

ఇప్పుడు నీ సంగతి. బిడ్డకు పద్దెనిమిది నిండేది డిసెంబర్‌లో కదా? అయితే దసరాకు వద్దురా, దండం పెడతా. పద్దెనిమిది నిండనిదే కారుకు లర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. లైసెన్సు లేని మైనర్ బండి నడిపి ఏదైనా నేరం జరిగితే 2019 సవరణ ప్రకారం తండ్రికో బండి ఓనర్‌కో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లకు పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఊరి బయట ఖాళీ రోడ్డే కదా అంటావు. పానగల్లు అవతల ఆరింటికి అది కూడా ఖాళీ రోడ్డే.

ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన సంక్రాంతికి నీ చిన్నోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించావు, నేనే ఫోటో తీశాను. డ్రైవర్ అదుపుకు అడ్డమయ్యేలా ఎవరినీ కూర్చోబెట్టకూడదని కూడా చట్టంలో ఉంది. ఆ ఫోటో నా ఫోన్లోంచి తీసేశాను.

జనవరిలో రా. బిడ్డకు లర్నర్ చేయిద్దాం. మొదటి పదిహేను రోజులు రెండు వైపులా పెడల్స్ ఉన్న స్కూలు కారులోనే నేర్చుకోనీ. తర్వాత నువ్వు కూర్చో, కానీ ముందే మాట్లాడుకోండి: స్టీరింగ్ ఆమెది, నీ చెయ్యి దాని మీదికి పోదు, ఆపాలంటే హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. మేం ఆ మాట అనుకోలేదు.

ముసలాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కేసు నడుస్తోంది, వచ్చే వాయిదా పద్నాలుగున. అల్లుడు ఆదివారం ఆదివారం గడ్డి మోపు కట్టుకుని ఆయనింటికి పోతాడు, సైకిల్ మీద. కారు ముట్టుకోవట్లేదు. నువ్వొచ్చినప్పుడు వాడితో ఒకసారి మాట్లాడు, నా మాట కంటే నీ మాట వింటాడు.

నీ
దోస్త్