షుగర్ చీటీలో మనసుకు గడి లేదా, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అర్జీ పెట్టిన ప్రతిసారీ 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వస్తోంది. సమస్య మాత్రం మా ఇంట్లోనే ఉంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా అమ్మకు ఏళ్లుగా షుగర్. నాన్న పోయాక దిగులు కూడా పట్టుకుంది. పలకరిస్తే "ఏటి తల్లీ, తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే" అంటుంది. షుగర్ ఓపీలో మూడు నెలల సగటు రిపోర్టు చూసిన డాక్టరు గారు చివాట్లు పెట్టారు. అన్నం తగ్గించలేదు, నడవడం లేదు, నీ ఆరోగ్యం నీకే పట్టకపోతే మేమేం చేస్తాం అన్నారు. నిజమే సార్, ఆమెకు పట్టడం లేదు. ఎందుకు పట్టడం లేదో ఒక్కరైనా అడిగారా? ఆ తర్వాత అమ్మ ఆసుపత్రికే రానంది. తిట్లు తినడానికి ఆటో డబ్బులు కూడానా అంది.

అడగాల్సిన ప్రశ్న ఏఎన్ఎంలు నింపే మీ ఆరోగ్య సర్వే ఫారంలోనే ఉంది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా, నిరాశగా అనిపించిందా అని. అమ్మకు ఎదురుగా 'లేదు' అని నొక్కేసి ఉంది. ఏఎన్ఎం అమ్మాయిని అనడం లేదు. ఆమె చేతిలో ఎన్ని యాప్‌లు పెట్టారో మీకే తెలియాలి.

షుగర్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు అని డాక్టర్లే చెబుతారు. ఇది మనోధైర్యం లేకపోవడం కాదు. దిగులు ఎక్కువ కాలం ఉంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. దాంతో కాలేయం రక్తంలోకి గ్లూకోజు ఎక్కువగా వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇంకోవైపు షుగర్‌తో ఒంట్లో సన్నగా రగిలే ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) మెదడు మీదా ప్రభావం చూపుతుంది. మనిషి మంచం దిగదు, మాత్ర మరిచిపోతుంది, షుగర్ ఇంకా పెరుగుతుంది. పైగా ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. అది తగ్గినా నీరసం, తిమ్మిర్లు, దిగులు. ఆ పరీక్ష బయట చేయించుకోమన్నారు. ఉచిత వైద్యం అంటే ఇదే కాబోలు!

మందుల సంగతి ఇంకో కథ. వేరే ఊళ్లో మానసిక వైద్యుడికి చూపిస్తే కాళ్ల మంటలకూ, దిగులుకూ కలిపి అమిట్రిప్టిలిన్ రాశారు. మంటలు తగ్గాయి, నిద్ర పట్టింది. కానీ ఆకలి పెరిగింది, బరువు పెరిగింది, షుగర్ పెరిగింది. షుగర్ డాక్టరు చీటీ చూసి "ఇదెవరిచ్చారు? ఆపెయ్యండి" అన్నారు. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నిద్ర లేదు, చిరాకు. బరువు అంతగా పెంచని మందులున్నాయని, నరాల మంటకూ దిగులుకూ డులోక్సెటిన్ పనికొస్తుందని తర్వాత తెలిసింది. ఇద్దరు డాక్టర్లు ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకుని ఉంటే మాకు ఆ అవస్థ తప్పేది. ఒకరి చీటీ ఇంకొకరికి కనిపించదు. ఇద్దరి మధ్యా మోసేది మేమే, ప్లాస్టిక్ కవర్లో. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. ఓపికగా విన్నారు, వాళ్లకు దండం. చివరికి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లమన్నారు. వెళ్లొచ్చిందే అక్కడికి కదా సార్.

ఇలాంటివాళ్లకు వైద్యం ఎలా చేయాలో అమెరికా నుంచి నేర్చుకోనక్కర్లేదు. మన విశాఖలోనే చేసి చూశారు. విశాఖ, చెన్నై, బెంగళూరు, ఢిల్లీలలోని నాలుగు క్లినిక్‌లలో 404 మంది మీద జరిగిన పరిశోధన 2020లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టరు కాని ఒక కోఆర్డినేటర్ రోగితో తరచూ మాట్లాడుతూ మందులూ మనసూ కనుక్కుంటారు. ఆ కేసులను షుగర్ డాక్టరు, మానసిక వైద్యుడు కలిసి చూస్తారు. అంతే. దిగులు సగానికి తగ్గి, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లలో ఒకటైనా మెరుగైనవాళ్లు రెండేళ్లకు నూటికి దాదాపు 72 మంది. మామూలు వైద్యంలో 57. ఈ పద్ధతి విశాఖ దాటి మా ఊరు రావడానికి ఏ జీవో అడ్డం?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం నడిపే చోట మానసిక వైద్యం పొందడం మా హక్కట. హక్కుల మాట తర్వాత. ముందు షుగర్ ఓపీలో ఆ రెండు ప్రశ్నలు నిజంగా అడిగించండి. మానసిక వైద్యుణ్ని అదే రోజు, అదే ఆసుపత్రిలో కూర్చోబెట్టండి. కుదరకపోతే ఫోన్లోనైనా షుగర్ డాక్టరుతో మాట్లాడించండి. మందులు అక్కడే ఇవ్వండి, బీ12 పరీక్ష అక్కడే చేయండి. కొత్త పథకం వద్దు, పేరు పెట్టి ఫొటో వేసే పని అసలే వద్దు. అడిగించండి సార్, చాలు. పోనీ, తిట్టడమైనా ఆపించండి.

ఇట్లు,
ఒక షుగర్ రోగి కూతురు,
విజయనగరం జిల్లా